తోడేలుకు పెట్టిన రొట్టె

జూరకాన్ దగ్గర ఏ పాటైనా ముందు వేళ్ళ మీద పుట్టేది. కొన్నాళ్ళకి అరచేతుల్లోకి వచ్చి చప్పట్లయ్యేది. అక్కణ్ణించి పాదాల్లోకి దిగి చిందులయ్యేది. చివరికి గదంతా పరుచుకుని ఆటయ్యేది. తాష్‌బులాక్ ఊరి చిన్నపిల్లల బడి, బాలబక్చాలో, ఆవిడ చేతికింద అలా పాటలు నేర్చుకున్న పిల్లలు కొందరు, ఇప్పుడు తమ పిల్లల్ని తీసుకొచ్చి ఆవిడకే అప్పజెప్పి పోతున్నారు. నోరు తిరగని పిల్లలకి మాటలు, అంకెలు రాని పిల్లలకి లెక్క, పక్కవాణ్ణి గిల్లే పిల్లలకి వరసలో నిలబడడం, అన్నీ ఆ పాటల్లోంచే లాగేది. పుస్తకం పట్టుకుని చెప్పడం ఆవిడకి చేతకాదని గిట్టనివాళ్ళు అనేవాళ్ళు. ఆ మాటలో కొంత నిజమూ ఉంది.

ఆ చలికాలం ఆవిడ ఎత్తుకున్నది తోడేలు పాట. చిన్నప్పుడు ఎండాకాలం మేతకి కొండెక్కినప్పుడు, గుడారంలో నానమ్మ ఒళ్ళో పడుకుని విన్న పాట.

తోడేలొచ్చె దొడ్డికి
దొంగ చూపు గొర్రెకి
కర్ర పట్టు, కేక పెట్టు
కొండ దాకా తరిమికొట్టు

మొదట్లో బొటనవేలు తోడేలు, తక్కిన నాలుగు వేళ్ళూ గొర్రెలు. పిల్లలు పొయ్యి చుట్టూ పరుపుల మీద కూర్చుని వేళ్ళతో పాడేవాళ్ళు. అది నోటికొచ్చాక సంచీలోంచి గొర్రె చీలమండ ఎముకలు కింద పోసి, "కళ్ళు మూసుకోండి! తోడేలొచ్చింది, పోయింది. ఇప్పుడు తెరిచి చెప్పండి, ఎన్ని పోయాయి?" అనేది. ఎముకలతో ఆడుకుంటూ పెరిగిన పిల్లలు గనక ఒక్కటి తగ్గినా ఇట్టే పట్టేసేవాళ్ళు. ఆ తరవాత తాడుతో నేల మీద గుండ్రంగా దొడ్డి కట్టింది. గది మూల మడతపెట్టిన పరుపుల గుట్ట కొండయింది. ఇంట్లో ఉన్న పాత కంబళి కత్తిరించి చెవులు కుట్టుకొచ్చింది. గొర్రెలకి తెల్లవి, తోడేలుకి బూడిదరంగువి.

"తోడేలెవరు?" అంది చెవులు పైకెత్తి పట్టుకుని.

గదిలో ఒక్క చెయ్యి లేవలేదు.

"నేను గొర్రె!"

"నేను కాపరి, గుర్రం మీదుంటా!" అన్నాడు బెక్‌తుర్. వాడు సాగిన్ పెద్దాయన మనవడు, పుట్టిన దగ్గర్నుంచీ గుర్రాల మధ్యే తిరుగుతున్నాడు.

"నేను కుక్క!"

"పాటలో కుక్క లేదు కదరా."

"అయినా నేను కుక్కే ఎజే. తోడేలైతే అందరూ కొడతారు." ఊళ్ళో పిల్లలకీ పెద్దలకీ ఆవిడ ఎజే, అంటే అక్క.

అప్పుడు కిటికీ పక్కనుంచి ఒక చెయ్యి లేచింది. సెజిమ్.

జూరకాన్ చెవులు పట్టుకున్న చెయ్యి దించేసింది. ఆ పిల్ల తండ్రి తాలాయ్ శీతాకాలం ముందే జైలుకి పోయాడు. పక్క జిల్లా వాళ్ళిద్దరితో కలిసి సాగిన్ పెద్దాయన మందలో సగం రాత్రికి రాత్రే కొండ దాటించేశాడు. కోర్టులో కాదనలేదు కూడా. అప్పట్నుంచీ ఊరంతా వాడి పేరు చెప్పడం మానేసి తోడేలు అనే అంటోంది. అంగట్లో, బస్సులో, పెళ్ళి విందుల్లో అదే మాట. ఆ మాట ఈ పిల్ల చెవిన పడకుండా ఎలా ఉంటుంది? తండ్రిని పట్టుకుపోయిన దగ్గర్నుంచీ పిల్ల నోరు తెరిచి నాలుగు మాటలన్నది లేదు. పాడమంటే పెదాలు కదిపేది, గొంతు వచ్చేది కాదు.

"గొర్రెవవుతావా తల్లీ? తెల్లచెవులు నీకు బావుంటాయి," అంది జూరకాన్.

సెజిమ్ తల అడ్డంగా ఊపి, వచ్చి బూడిదరంగు చెవులు చేతిలోంచి తీసుకుంది.

ఇవ్వకుండా ఉండాల్సిందా అని తరవాత జూరకాన్ ఎన్నోసార్లు అనుకుంది. అప్పుడు మాత్రం పిల్ల తనంతట తను లేచి గది మధ్యకి రావడమే ఆవిడకి పండగలా అనిపించింది.

చెవులు పెట్టుకున్నాక సెజిమ్ వేరే పిల్లయిపోయింది. నేలకి వంగి, మోచేతుల మీద పాకుతూ, తాడు దగ్గర ఆగి వాసన చూసింది. తలెత్తి ఊళ వేసింది. వంటగదిలో గిన్నెలు కడుగుతున్న మనిషి పరిగెత్తుకొచ్చి గుమ్మంలోంచి తొంగిచూసేంత ఊళ అది. గొర్రెలు కెవ్వున అరిచాయి, కాపరులు కాగితం కర్రలు పట్టుకుని తరిమారు. తోడేలు పరుపుల గుట్టెక్కి, పట్టుబడకుండా నిలబడి, రొప్పుతూ నవ్వింది. ఆ పిల్ల పళ్ళు కనిపించి ఎన్నాళ్ళయిందో!

మర్నాడూ తోడేలు తనే. ఆ మర్నాడూ తనే. మిగతావాళ్ళకి వేషం మీద ఆశ పుట్టినా, సెజిమ్ అంత బాగా ఎవరూ ఊళ వెయ్యలేరని వాళ్ళే ఒప్పుకున్నారు. తాలాయ్ సంగతి పిల్లల మధ్య ఒక్కసారే వచ్చింది. "వీళ్ళ నాన్న నిజం తోడేలు, మా తాత గొర్రెలు ఎత్తుకెళ్ళాడు," అన్నాడు బెక్‌తుర్ మామూలుగా, బయట మంచు పడుతోందని చెప్పినట్టు. జూరకాన్ మాట మళ్ళించేలోపే గుట్ట మీదున్న సెజిమ్ అంది:

"తోడేలుకి గుహలో పిల్ల ఉంది. దానికి ఆకలి."

కర్రలు దిగిపోయాయి. పిల్లలు ఆ కొత్త సంగతి ఆలోచిస్తూ నిలబడ్డారు.

"ఎంత పిల్ల?" అని అడిగిందొక గొర్రె.

"ఇంత," సెజిమ్ తన మోకాలు చూపించింది.

ఆ రోజు ఇంటికి వెళ్తూ జూరకాన్ దారిలోనే పాటకి రెండు పాదాలు కలిపింది. తరిమికొట్టడం అయ్యాక పిల్లలంతా కొండ కింద చేరి చప్పట్లతో అడగాలి:

తోడేలూ తోడేలూ, ఎందుకొచ్చినావు?
ఎవరి నోటికోసమని ఎత్తుకెళ్ళినావు?

తోడేలు జవాబు చెప్పాలి. రోజుకో జవాబు. పిల్లకి ఆకలని ఒకరోజు, పిల్లకి చలి వేస్తే ఉన్ని కప్పాలని ఒకరోజు, కొండ మీద ఒక్కదానికి తోచక, గొర్రె తోడుంటుందని తీసుకెళ్ళానని ఒకరోజు. ఆటలో పడి సెజిమ్ వాక్యాలు వాక్యాలు మాట్లాడేది. భోజనాల దగ్గర కూడా పక్కపిల్లతో గుసగుసలు మొదలయ్యాయి. పిల్లలు ఆ జవాబులకి ఎదురు సలహాలు చెప్పేవాళ్ళు. "అడిగితే ఇస్తాంగా, దొంగతనం ఎందుకు?" అనేది ఒకతె. "అడిగితే కుక్కల్ని వదుల్తారు," అనేది తోడేలు. జూరకాన్ మధ్యలో వేలు పెట్టేది కాదు.

తరవాత ఒక ఉదయం బెక్‌తుర్ కాపరి కర్ర కింద పడేసి కొండ దగ్గరికి నడిచాడు. పొద్దున ఫలహారానికి పెట్టిన బోర్సోక్ ఒకటి జేబులో దాచుకున్నాడు. నూనెలో వేయించిన ఆ రొట్టెముక్క మీద జేబులో నూలుపోగులు అంటుకుని ఉన్నాయి.

"ఇంద. నీ పిల్లకి పెట్టు," అన్నాడు. "ఇంక మా గొర్రెల జోలికి రాకు."

సెజిమ్ దాన్ని తీసుకుని చాలాసేపు చూసింది. తినలేదు. తోడేలు చెవులు తీసి మడిచి, అందులో రొట్టెముక్క చుట్టి పట్టుకుంది. సాయంత్రం తల్లి వచ్చి కోటు తొడుగుతున్నప్పుడు దాన్ని చెవుల్లోంచి తీసి కోటు జేబులో వేసుకుంది. జూరకాన్ అటు తిరిగి కిటికీ తుడుస్తున్నట్టు నటించింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి రోజు ఆవిడకి ఇంకోటి గుర్తురాలేదు.

డైరెక్టర్ షాయిర్‌గుల్ ఆ గదికి వచ్చింది మరుసటి వారం. జిల్లా కార్యాలయం వాళ్ళు ప్రతి బాలబక్చా నుంచీ ఏదైనా కొత్తగా చేస్తున్నది వీడియో తీసి పంపమన్నారట.

"తోడేలు పాట ఆడించు జూరా. అందరూ మీ గది గురించే చెప్పుకుంటున్నారు," అంది.

"మొత్తం తియ్యండి మరి. చివర్లో మాటలున్నాయి, అవే ముఖ్యం."

"తీస్తాను తీస్తాను. నువ్వు కంగారుపడకు."

మొత్తం తీసింది కూడా. ఆ రోజు పిల్లలు బాగా ఆడారు. బెక్‌తుర్ రొట్టె ఇవ్వడం ఇప్పుడు ఆటలో భాగమైపోయింది, రోజూ ఒకటి దాచుకొచ్చేవాడు. అయితే ఫోన్‌లో నిడివి ఎక్కువైందని షాయిర్‌గుల్ చివరి సగం కోసేసి, సందడిగా ఉన్న ముందు సగం జిల్లా వాళ్ళకి పంపింది. పనిలో పనిగా తల్లిదండ్రుల వాట్సాప్ గుంపులోనూ పెట్టి, కింద చప్పట్ల బొమ్మలు చేర్చింది.

అందులో ఉన్నదేమిటి? తాలాయ్ కూతురు తోడేలు చెవులు పెట్టుకుని నేల మీద పాకుతోంది. చుట్టూ పిల్లలు కర్రలు ఎత్తి, "దొంగ చూపు! తరిమికొట్టు!" అని అరుస్తున్నారు. అందరికంటే ముందు సాగిన్ పెద్దాయన మనవడు.

పొయ్యిల మీద టీ కాగేలోపే ఊరంతా చూసేసింది. ఎవరో పగలబడి నవ్వే బొమ్మ పెట్టారు. ఎవరో, "వేషం ఏరి కోరి ఇచ్చారు," అన్నారు. ఇంకెవరో, "రక్తంలో ఉంది, నేర్పక్కర్లేదు," అన్నారు. బెక్‌తుర్ తల్లి మాత్రం ఏమీ రాయలేదు. ఎవరో దాన్ని గుంపు దాటించి బయటికీ పంపారు.

మర్నాడు పొద్దున నాజిక్ కూతుర్ని చేత్తో లాక్కుంటూ వచ్చింది. ఆమె సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మొగుడు జైలుకి పోయాక రోడ్డు పక్క టీ దుకాణంలో గిన్నెలు తోముతోంది. గుమ్మం దగ్గర బూట్లు విప్పకుండా, మంచు కాళ్ళతోనే గది మధ్యకి వచ్చేసింది.

"ఎజే, నా పిల్లని కుక్కలా పాకించడానికి మీకు మనసెలా ఒప్పింది?"

"నాజిక్, కూర్చో. నా మాట విను..."

"కూర్చోను. నేనూ మీ చేతికింద చదువుకున్నదాన్నే. మా ఇంట్లో మీ పేరు తలవని రోజు లేదు. నిన్న మా దుకాణంలో లారీ డ్రైవర్లు ఫోన్ చూసుకుని నవ్వుతుంటే, ఏమిటా అని వెళ్ళి చూశాను. నా పిల్ల! వాళ్ళు నా పిల్లని చూసి నవ్వుతున్నారు!"

"వేషం తనే అడిగింది, నాజిక్. ఎవరూ బలవంతం చెయ్యలేదు."

"అయిదేళ్ళ పిల్ల అడిగితే ఇచ్చేస్తారా? రేపు నిప్పు అడుగుతుంది, దోసిట్లో పోస్తారా?"

నాజిక్ పక్కన సెజిమ్ తల వంచుకుని తన బూట్ల నుంచి కరిగి పారుతున్న మంచునీళ్ళు చూస్తోంది.

"అమ్మా, నేను బాగా చేశాను," అంది చిన్నగా.

"నోరుముయ్!" అంది నాజిక్.

మధ్యాహ్నానికి సంగతి రెండో వైపు నుంచీ ముదిరింది. రొట్టె పెట్టే ముచ్చట ఏ పిల్లో ఇంట్లో చెప్పింది. అది సాగిన్ పెద్దాయన చెవిన పడింది. ఊళ్ళో ఏ తగవైనా ఆయన కూర్చుంటేనే తెగేది. గొర్రెలు పోయిన నాటినుంచీ ఆయన నలుగురిలోకి రావడం తగ్గించాడు. తన దొడ్డికి కాపలా లేకపోయిందన్న మాట ఆయనకి పుండులా ఉంది. అలాంటి మనిషి షాయిర్‌గుల్‌కి ఫోన్ చేసి, "మా గొర్రెలు ఎత్తుకెళ్ళిన దొంగకి పిల్లలతో తిండి పెట్టిస్తున్నారట. ఇదేనా మీ చదువు?" అని పెట్టేశాడు. షాయిర్‌గుల్ సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళే వేళకి అందరినీ పాటల హాల్లో కూర్చోమంది.

పెద్దవాళ్ళు పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు. హాల్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద కుర్చీ సాగిన్ పెద్దాయనకి వేశారు. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. గుర్రం మీద వచ్చాడేమో, కొరడా బూటులో దోపి ఉంది. కోట్లు తొడుక్కున్న పిల్లలు వెనక గోడ దగ్గర మూగారు. నాజిక్ తలుపు పక్క నిలబడే ఉంది, సెజిమ్ చెయ్యి వదల్లేదు.

"జూరకాన్ ఎజే అనుభవం ఉన్న మనిషి. కానీ పైవాళ్ళు ఇచ్చిన పాఠాలు పక్కనపెట్టి తన సొంత బుర్రతో ఏవేవో కలుపుతోంది. నాకు తెలిసి ఉంటే..." అని మొదలుపెట్టింది షాయిర్‌గుల్.

"వీడియో తీసింది మీరే కదా," అంది జూరకాన్. "గుంపులో పెట్టిందీ మీరే. మిగతా సగం కూడా చూపించండి, నాకు అది చాలు."

"ఫోన్‌లో చోటు లేక తీసేశాను."

"తీసేశారా?"

"తీసేశానమ్మా! ఫోన్ నాదా నీదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. జూరకాన్ లేచి నిలబడింది. నలుగురిలో మాట్లాడడం ఆవిడకి అలవాటు లేదు. పిల్లలకి చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టింది. చలికాలం మొదట్లో సెజిమ్ ఎలా ఉండేదో చెప్పింది. చెవులు పెట్టుకున్నాక గొంతు ఎలా వచ్చిందో చెప్పింది. తోడేలుని పిల్లలు ఏమడిగారు, తోడేలు ఏమంది, గుహలో పిల్ల, దాని ఆకలి, కొండ కింద పెట్టిన రొట్టె అన్నీ చెప్పుకుపోయింది. ముందువరసలో ఒకావిడ ముక్కు తుడుచుకుంది. ఇంక అంతా సర్దుకుంటుందని జూరకాన్‌కి ఒక్క క్షణం అనిపించింది.

"ఆకలా?"

తలుపు దగ్గరనుంచి అంది నాజిక్.

"ఎజే, నా పిల్ల ఎప్పుడు ఆకలితో పడుకుంది? చెప్పండి. నలుగురున్నారు, ఇప్పుడే చెప్పండి! ఈ వేళ్ళు చూడండి, గిన్నెలు తోమే సోడా నీళ్ళలో నాని ఎలా పగిలాయో. నా పిల్ల కడుపు నిండడానికే కదా! ఆ మనిషి మాకోసం ఏమీ ఎత్తుకెళ్ళలేదు. గొర్రెల్ని అమ్మి పాత కారు కొన్నాడు. అందులో ముచ్చటగా ముందు సీట్లో తనే కూర్చుని తిరిగాడు. ఊరందరికీ తెలుసు. మీకు మాత్రం మా ఇంట్లో పిల్ల మలమల మాడుతోందని తెలిసిందా?"

"నేను అలా అనలేదు నాజిక్. ఆటలో..."

"అన్నారు. ఇందాకే అన్నారు."

సాగిన్ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"రొట్టె పెట్టిందెవరు?"

జూరకాన్ ఇంతదాకా పిల్లాడి పేరు చెప్పకుండానే నెట్టుకొచ్చింది. ఇప్పుడూ చెప్పలేదు. కానీ వెనక గోడ దగ్గరనుంచి ఏదో చిన్న గొంతు, "బెక్‌తుర్! రోజూ బెక్‌తురే పెడతాడు!" అని సంబరంగా అరిచింది.

"ఇలా రా."

బెక్‌తుర్ వచ్చి తాత ముందు నిలబడ్డాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"నువ్వే పెట్టావా? మన గొర్రెలు తోలుకుపోయిన వాడి పిల్లకి, నువ్వే?"

వాడు తాత మొహం చూశాడు, తాత బూటులో కొరడా చూశాడు, తల్లి వైపు చూశాడు. తల్లి నేల చూపులు చూస్తోంది.

"ఎజే పెట్టమంది," అన్నాడు.

"గట్టిగా చెప్పు."

"నాకిష్టం లేదు తాతా. ఎజే పెట్టమంది. పెట్టకపోతే ఆట ఆడనివ్వనంది."

పెద్దాయన తలెత్తి జూరకాన్ వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మా?"

పిల్లాడి గడ్డం వణుకుతోంది. ఆవిడ ఒక్క మాట కాదంటే వాడు ఇంత మందిలో అబద్ధాలకోరు అవుతాడు, ఇంటికి వెళ్ళాక ఏమవుతాడో దేవుడికెరుక. వాడికి ఆరేళ్ళు. ఆవిడ ఆలోచించింది అంతే. అంతకంటే ఆలోచించే వ్యవధి ఎవరూ ఇవ్వలేదు.

"నిజమే. నేనే పెట్టమన్నాను," అంది.

అన్నాక చూసింది తలుపు వైపు. సెజిమ్ తననే చూస్తోంది. ఆ పిల్ల ఏడవలేదు. తల్లి చేతిలోంచి చెయ్యి విడిపించుకుని, కోటు జేబులో చెయ్యి పెట్టింది. ఇన్నాళ్ళూ దాచుకున్నవి, రాయిలా ఎండిపోయిన రొట్టెముక్కలు, ఒక్కొక్కటీ తీసి తలుపు పక్కన నేల మీద పెట్టింది. విసరలేదు. తనవి కానివి తిరిగి ఇచ్చేసినట్టు వరసగా పెట్టింది. హాల్లో ఎవరికీ అవి ఏమిటో అర్థం కాలేదు. జూరకాన్‌కి అర్థమైంది, బెక్‌తుర్‌కి అర్థమైంది.

"దండం పెట్టి అడుగుతున్నాను, ఇంక నా పిల్ల జోలికి రాకండి," అని నాజిక్ పిల్లని తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజుతో తోడేలు పాట ఆగిపోయింది. కంబళి చెవులు పొయ్యిలోకి పోయాయి. జిల్లా నుంచి వచ్చిన పాఠాల్లో చేతులు కడుక్కునే పాట ఉంది, కూరగాయల పాట ఉంది. పిల్లలు కేరట్‌లా నిలబడి ఉల్లిపాయలా కూర్చుంటూ కొత్త టీచరు దగ్గర అవి నేర్చుకున్నారు. జూరకాన్‌ని బట్టలుతికే గదికి మార్చారు. పరుపుల గలీబులు, తువ్వాళ్ళు, ఏప్రన్లు. వేసవి వరకేనని షాయిర్‌గుల్ చెప్పింది. "నీ మంచికే జూరా. గొడవ చల్లారనీ," అంది. గోడ అవతల్నుంచి ఉల్లిపాయ పాట వినిపిస్తుంటే జూరకాన్ నీళ్ళ చప్పుడు పెంచేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ నాజిక్ ఇంటికి వెళ్ళింది. వెళ్ళగొడుతుందనుకుంది. నాజిక్ తలుపు తీసి, ఏమీ అనకుండా గుడ్డ పరిచి, రొట్టె, ఎండబెట్టిన పెరుగు కురుత్ ఉండలు పెట్టి, పాలు పోసి టీ కలిపింది. వచ్చిన మనిషికి పెట్టాల్సినవి పెట్టి, ఎదురుగా కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. సెజిమ్ కిటికీ గట్టు మీద ఉంది. దిగి రాలేదు.

"సెజిమ్‌తో ఒక్క మాట చెప్పి పోతాను," అంది జూరకాన్.

"ఇక్కడే చెప్పండి."

జూరకాన్ అటు తిరిగింది. "తల్లీ, ఆ రొట్టె బెక్‌తుర్ తనే పెట్టాడు. నేను పెట్టమనలేదు. ఎవరూ పెట్టమనలేదు. వాడికి నీమీద ఇష్టం కలిగి తెచ్చాడు."

"అబద్ధం," అంది సెజిమ్.

"నిజం తల్లీ."

"నువ్వే చెప్పావు, అందరి ముందూ. పెట్టమన్నానని నువ్వే చెప్పావు."

"అప్పుడు చెప్పింది అబద్ధం."

"అయితే ఇప్పుడు చెప్పేది కూడా అబద్ధమేమో," అని పిల్ల కిటికీ అద్దం వైపు తిరిగిపోయింది.

నాజిక్ టీ గిన్నె కింద పెట్టింది. "ఆగండాగండి. ఆ పిల్లాడు తనంతట తనే పెట్టాడా?"

"అవును."

"మరి ఆ రోజు నోరెత్తలేదేం?"

"వాళ్ళ తాత కొడతాడేమోనని... పిల్లాడు వణికిపోతున్నాడు నాజిక్."

నాజిక్ నవ్వింది. ఆ నవ్వు వినడం కంటే తిట్లు తినడం మేలనిపించింది జూరకాన్‌కి.

"వాడికి ఒక దెబ్బ పడుతుందని, మా పిల్ల దగ్గరున్న ఆ ఒక్కటీ తీసి వాడికిచ్చారు. నా పిల్ల ఆ కోటు నన్ను ఉతకనివ్వలేదు ఎజే. ఎందుకో నాకు ఆ రోజు దాకా తెలీదు." కిటికీ గట్టు వైపు చూసి అంది: "ఈ ఊళ్ళో ఎవరు ఎవరి పిల్లలో ఎవరూ మర్చిపోరు. మీరైనా మర్చిపోతారనుకున్నాను."

"దేవుడి సాక్షిగా నేను అలా అనుకోలేదు."

"అనుకోకుండానే చేశారు. టీ చల్లారిపోతోంది, తాగండి."

జూరకాన్ తాగింది. తాగకుండా లేవడం కంటే తాగడమే కష్టమైంది.

ఇంటికి నడుస్తూ ఆవిడ తనని తాను నిలదీసుకుంది. ఆ సాయంత్రం పెద్ద కుర్చీలో కూర్చున్నది వేరే ఎవరో అయితే, ముందు నిలబడి వణికింది తాలాయ్ కొడుకై, తలుపు దగ్గర సాగిన్ మనవరాలు నిలబడి ఉంటే, ఏం జవాబు చెప్పేది? అదే చెప్పేదాన్నని గట్టిగా అనుకుంది. వాకిలి దాకా వచ్చేసరికి ఆ గట్టిదనం మిగల్లేదు.

మంచు కరిగి దారులు తెరుచుకోగానే నాజిక్ కూతుర్ని తీసుకుని తలాస్ వైపు, అన్నగారి ఊరికి వెళ్ళిపోయింది. అక్కడ తాలాయ్ ఎవరో ఎవరికీ తెలియదని టీ దుకాణం ఆవిడ చెప్పింది. పిల్ల మాట్లాడుతోందా అని అడిగింది జూరకాన్. "అవసరమైతే మాట్లాడుతుందట," అందావిడ. వేసవి గడిచింది. జూరకాన్‌ని పాటల గదికి మళ్ళీ పిలవలేదు, ఆవిడా అడగలేదు.

సెప్టెంబరు మొదట్లో, పెద్దబడి తెరిచిన రోజు, బెక్‌తుర్ ఎదురొచ్చాడు. తెల్లచొక్కా, కొత్త సంచీ, చేతిలో టీచరుకివ్వడానికి పూలు. ఒక్కడే వస్తున్నాడు. దూరం నుంచే ఆవిడని చూసి అడుగు తడబడింది, మళ్ళీ సర్దుకుని దగ్గరికొచ్చాడు.

"సలాం ఎజే!"

"సలాం. ఒకటో తరగతా?"

"అవును." వాడు వెళ్ళలేదు. తల కొంచెం వంచి నిలబడ్డాడు. బాలబక్చాలో ఆవిడ ప్రతి పొద్దునా గుమ్మంలో ఒక్కొక్కరి తల నిమిరి లోపలికి పంపేది. అందుకోసమే ఆగాడని తెలుస్తూనే ఉంది.

"బాగా చదువుకో," అంది జూరకాన్.

వాడు ఇంకొంచెంసేపు నిలబడి, పూలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, వెళ్ళిపోయాడు. ఆరేళ్ళ పిల్లాడి మీద కోపం దాచుకున్నందుకు ఆవిడకి తన మీద తనకే రోత పుట్టింది. వెనక్కి పిలుద్దామని కూడా అనుకుంది. వాడు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది గానీ, పిలవలేదు. చెయ్యి కోటు జేబులోంచి బయటికి రాలేదు.